రాహుకాలంలో కంపైల్ చేశాను

ఇళ్లల్లో తాళంచెవులు పోయి చాలా ఏళ్లయింది. ఏ తలుపు తెరవాలన్నా హాల్లో కంప్యూటర్ మీద బటన్ నొక్కాల్సిందే. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరింటిది వాళ్లే రాసుకోవాల్సిందే. మా ఇంట్లో అది నా ఖర్మ.

మొన్న సోమవారం పొద్దున్న ఏడూ ముప్పావుకి, మా ఆయన సుధీంద్ర స్నానానికి వెళ్లగానే, కొత్త కంప్యూటర్ భాషలో తిరగరాసిన తలుపుల ప్రోగ్రాం, మెషీన్‌కి అర్థమయ్యేలా కంపైల్ చేశాను. ఒక్క తప్పు రాలేదు. మురిసిపోయి పాతది చెరిపేశాను. తర్వాత బటన్ నొక్కితే బాత్రూం తలుపు కదల్లేదు.

"కొత్త ఉద్యోగం, మొదటి రోజు! ఎనిమిదిన్నరకి ఆఫీసులో ఉండాలి!" అని లోపల్నుంచి ఒకటే కేకలు.

"నా తప్పేం లేదు. మీ కొత్త ప్రోగ్రాం ఇంకా వాడుకుంటున్న పాత సీ భాష కోడ్, ఆ లైబ్రరీని అడగండి," అని స్క్రీన్ మీద కంపైలర్ చేతులు దులిపేసుకుంది.

ఆ లైబ్రరీ రాసింది మా మామగారు. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నారు.

"ఇప్పుడు రాహుకాలం కదమ్మా. కొత్త ప్రోగ్రాం ఏదీ రాహుకాలంలో మొదలవకుండా అందులో రాసిపెట్టాను. తొమ్మిది దాటితే అదే తెరుచుకుంటుంది."

"ముందు ఆ ముక్క తీసెయ్యండి మామయ్యగారూ!"

"దానికేం, నిమిషంలో తీసేస్తాను. కానీ తీసేస్తే అదీ కొత్త ప్రోగ్రామే కదా," అన్నారాయన, క్యాలెండర్ వంక చూస్తూ.

లోపల మళ్లీ కుళాయి తిప్పిన చప్పుడైంది.

"సరే," అన్నారు మా ఆయన, "అయితే తలంటు పోసుకుంటాను."