ఫ్యాన్ లేని గంట

"రికార్డింగ్‌కు ఈ కార్డు వద్దు. దీని ఫ్యాన్ మోత మైకులో పడుతుంది."

ఎవరో పెద్దాయన సెల్‌ఫోన్‌లో టైపు చేసి తన ముఖం ముందర పెట్టేసరికి మురళీధర్‌కు ఒళ్లు మండింది.

మార్కాపురంలో ఆ కంప్యూటర్ దుకాణం తెరవకముందే వచ్చి నిలబడినాడు తను. భార్య ప్రసన్నలక్ష్మికి గొంతులో క్యాన్సర్. రేపు గుంటూరులో ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు ముందే చెప్పినారు.

ఇప్పుడు ఆమె చేత నూట యాభై వాక్యాలు చదివించి పెట్టుకుంటే, ఆపరేషన్ తర్వాత ఆమె టైపు చేసింది కంప్యూటర్ ఆమె గొంతుతోనే పలుకుతుందంట. దానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలని విన్నాడు.

"ఎవరీయన, ఆనంద్ బాబూ? మాట రాదా?" దుకాణమాయన్ని అడిగినాడు.

"రాదు సార్. కానీ ఆయన చెప్పేది..."

"మాటే రాని మనిషికి సౌండు సంగతి ఏం తెలుస్తాది? ఆ పెద్దదే ఇయ్యి."

పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుని పక్కకు జరిగినాడు.

మురళీధర్ ఇంటి పక్కన పలకల ఫ్యాక్టరీ. మిషన్లు ఆగేది అన్నం వేళ, ఒంటిగంట నుంచి రెండు దాకా. ఆ గంటే వాళ్లకు దక్కింది. మూడింటికి గుంటూరు బస్సు.

కొత్త కార్డు కంప్యూటర్‌లో బిగించినాక, ఒంటిగంటకు లక్ష్మి మైకు ముందర కూర్చుంది. పది వాక్యాలు చదివింది.

వెనక్కి పెట్టి వింటే మాటల కింద ఒకటే హోరు. నడిమధ్యలో టక్కుటక్కుమని మాట తెగిపోతాంది.

సెట్టింగులన్నీ మార్చినాడు. మళ్లీ అదే.

"ఏమండీ, గొంతు అలిసిపోతాంది."

ఒకటీ ఇరవై. దుకాణానికి ఫోన్ చేసినాడు.

"పొద్దున చూసినారే, ఆయన్నే పంపిస్తా సార్."

పెద్దాయన పది నిమిషాల్లో వచ్చినాడు. మురళీధర్ తలెత్తి చూడలేకపోయినాడు.

ఆయన కంప్యూటర్ మూత తీసి కొత్త కార్డు ఊడబెరికినాడు. తెర వైరు కంప్యూటర్ సొంత సాకెట్‌కే తగిలించినాడు. కార్డు కోసం ఎక్కించిన, మాటను తెంపుతున్న డ్రైవరు సాఫ్ట్‌వేరు కూడా తీసేసినాడు. ఫోను చూపించినాడు.

"గొంతు రికార్డు చేసేటప్పుడు కంప్యూటర్‌లో ఉన్నదే చాలు. పెద్ద కార్డు పని తర్వాత, కంప్యూటర్‌కు ఈ గొంతు నేర్పించేటప్పుడు. అప్పుడు పెట్టుకో."

గది నిమ్మళించింది.

చదువమ్మా అన్నట్టు లక్ష్మికి చెయ్యి చూపించినాడు. ఒకటీ నలభై. లక్ష్మి కూతురితో, మొగుడితో రోజూ అనే మాటలే చదివింది.

"కవితా, జడ వేస్తాను రా. ఏమండీ, అన్నం తిన్నారా? వాన వచ్చేట్టుంది, బట్టలు తియ్యండి..."

పెద్దాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా హోరు లేదు. ఒక్క టక్కు లేదు.

ఆఖరి వాక్యం అయిందో లేదో ఫ్యాక్టరీలో మిషన్లు రొద మొదలుపెట్టినాయి.

లక్ష్మి ముఖం కప్పుకుని ఏడ్చింది. మురళీధర్ ఆమె పక్కనే కూలబడినాడు. తేరుకుని చూస్తే పెద్దాయన లేడు. గేటు దాకా పరిగెత్తినాడు. వీధిలో ఎవరూ లేరు.

మళ్లీ ఆనంద్ బాబుకు ఫోన్ చేసినాడు.

"పొద్దున నోరు జారినాను. ఎవరాయన?"

"రంగనాయకులు మామ సార్. గిద్దలూరు బస్టాండులో ఇరవై ఏండ్లు మైకులో బస్సులు పిలిచింది ఆయన గొంతే. ఆయనకూ గొంతు ఆపరేషన్ అయింది. దానికి ముందు ఆయన కూడా ఇంట్లో ఇట్లనే రికార్డు చేసుకున్నాడు గానీ, అందులో కార్డు ఫ్యాన్ మోత తప్ప ఏమీ మిగల్లేదు."