శుక్రవారం బాట

శుక్రవారం పొద్దున్నే అంగడి నుంచి మాంసం పట్టుకుని వస్తున్న పోచన్నకు, బాట మీద పారతో ఇసుక ఎత్తిపోస్తున్న ముసలాయన కనపడ్డాడు.

ఒక్కడే ఉన్నాడు.

బాట అంటే రోడ్డు కాదు. అల్ ఐన్ అవతల, ఎడారిలో సర్కారు పెంచుతున్న అడవిలోకి ట్యాంకర్లు నీళ్లు మోసే ఇసుకదారి. అడవి అంటే మన జమ్మిచెట్లే, ఇక్కడ గాఫ్ అంటారు. అవి అప్పటికింకా మోకాలెత్తు మొక్కలు. వారమంతా గాలి ఇసుకను మోసుకొచ్చి బాట మీద పోస్తుంది. ముసలాయన దాన్ని ఎత్తి, మెత్తగా ఉన్నచోట ఖర్జూరపు మట్టలు పరుస్తున్నాడు.

పోచన్న ఆ బాట మీదే ట్యాంకర్ తోలుతాడు. వచ్చి ఏడాదైంది. శుక్రవారం పూట ఇంత పొద్దున్నే ఇటు రావడం మాత్రం ఇదే మొదలు.

"ఏ కంపెనీ కాకా నీది?"

"ఈడ కాదు నాయనా. ఆ పక్క రోడ్డు క్యాంపులో వంటోణ్ణి. మాది కడప దిక్కు."

"మరి మా బాట మీద నీకేం పని? ఎవడు తోలిండు?"

"ఎవురూ తోల్లేదు. నేనే వచ్చినా."

"ఓవర్‌టైమా?"

ముసలాయన నవ్వాడు. "ఏం లేదులే. మీ బండ్లు దిగబడకుండా పోతే అంతే చాలు."

పోచన్నకు ఆ నవ్వు నచ్చలేదు. దుబాయ్ వచ్చి ఉత్తపుణ్యానికి చెమటోడ్చేవాణ్ణి అతను ఇంతవరకు చూడలేదు.

గదికొచ్చి, పొయ్యి దగ్గరున్న వెంకట్రాములుకు చెప్పాడు. ఇద్దరిదీ జగిత్యాల దిక్కే.

"పిచ్చోడు గావచ్చు తియ్యి," అన్నాడు వెంకట్రాములు.

"పిచ్చోడా? మన కొంప ముంచెటోడు! రేపు ముదీర్ ఏమంటడు? ముసలోడు ఉత్తగ చేస్తుండు, మీకేం రోగం, జుమ్మా రోజు మీరు గూడ రాండ్రి అంటడు. గప్పుడు ఎవనికి చెప్పుకుంటవ్?"

వెంకట్రాములు చేతిలో గరిటె ఆగిపోయింది.

ముదీర్ అంటే కంపెనీ మేనేజరు. ఆరు రోజులు కంపెనీవి. జుమ్మా అనే ఈ శుక్రవారం ఒక్కటే వాళ్లది. తలకు పోసుకునేది ఆ రోజే. కూర తినేది ఆ రోజే. టేపురికార్డరు ముందేసుకుని, ఊళ్లో ఉన్న భార్య బాలవ్వకు పంపే క్యాసెట్లో పోచన్న నాలుగు మాటలు మాట్లాడేదీ ఆ రోజే. అది కూడా పోతే మనిషికీ ట్యాంకరుకూ తేడా ఏముంది?

మరుసటి శుక్రవారం పోచన్న నేరుగా బాట మీదికి పోయాడు.

"కాకా, ఖలాస్. ఇగ రాకు."

"ఎందుకు నాయనా?"

"నువ్వు ఉత్తగ చేస్తే మా జుమ్మా పోతది. సమజైతలేదా?"

ముసలాయన పార మీద గడ్డం ఆనించి అతని వైపు చూశాడు. ఏదో నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"పోదులే నాయనా. నువ్వు పోయి పండుకో."

"నాకు చెప్తవా పండుకొమ్మని!"

పోచన్న మట్టలను కాలితో తన్నాడు. అవి చెల్లాచెదురై పడ్డాయి. పది అడుగులు పోయాక వెనక గలగలమని చప్పుడు. ముసలాయన వంగి ఒక్కొక్కటే ఏరి మళ్లీ పరుస్తున్నాడు.

పోచన్నకు ఒళ్లు మండింది.

మర్నాడు ట్యాంకర్ తోలుకుని రోడ్డు క్యాంపు ఆఫీసుకు పోయాడు.

"మీ వంటాయన జుమ్మా జుమ్మాకు మా తాన పని చేస్తుండు," అన్నాడు. అంతే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గుమాస్తా రాసుకున్నాడు. ముసలాయన పేరు షావలి అని పోచన్నకు అప్పుడే తెలిసింది.

తన వీసా మీద వచ్చినవాడు ఇంకోచోట పార పట్టాడంటే కఫీల్ అనే ఆ యజమాని దృష్టిలో దొంగకూలీయే. ఉత్తగా చేశానంటే ఎవడు నమ్ముతాడు? పక్కనుంచి చూసిన పోచన్నే నమ్మలేదు.

బుధవారానికల్లా షావలిని విమానం ఎక్కించారు.

"పెట్టె గూడ సదురుకోనియ్యలేదంట," అన్నాడు వెంకట్రాములు, నీళ్ల బావి దగ్గర విని వచ్చి.

"ఆయన నసీబు. మనమేం చేస్తం?" పోచన్న ఇంకింత అన్నం పెట్టించుకున్నాడు. "మన జుమ్మా అయితే మనకు దక్కింది."

శుక్రవారం తెల్లవారింది.

పోచన్న సబ్బు పట్టుకుని నల్లా దగ్గరికి పోతుంటే గదుల ముందు లారీ వచ్చి ఆగింది. అదేపనిగా హారన్. లారీ నిండా పారలు. ముందు సీట్లోంచి ముదీర్ దిగాడు.

"యల్లా, యల్లా! అందరూ తలో పార పట్టండి. బాట మూసుకుపోయింది."

"సాబ్, ఇయ్యాల జుమ్మా!"

"గాలికి జుమ్మా లేదు. ఎక్కు."

గదుల్లోంచి మనుషులు లుంగీల మీదే వచ్చి నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. పోచన్నే ముందుకొచ్చాడు.

"ఇన్నొద్దులు లేంది గిప్పుడేంది సాబ్?"

ముదీర్ తల అడ్డంగా ఊపి, తనకొచ్చిన హిందీలో చెప్పుకొచ్చాడు.

"శుక్రవారం బాట పని మీచేతే చేయించమని పైనుంచి ఎప్పుడో హుకుం వచ్చింది. రెండేళ్లు దాచాను. నా ఉద్యోగం పోతుంది, ఎవరికీ చెప్పొద్దని అతని దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు అతన్నే ఎవడో పట్టించాడట."

"ఎవరిని సాబ్?" అన్నాడు వెంకట్రాములు.

పోచన్న అడగలేదు.

"ఆ షావలినే," అన్నాడు ముదీర్, ఒక పార తీసి పోచన్న చేతికిస్తూ. "ఈ పిల్లలను వారానికొక్కరోజు పడుకోనీ, వాళ్ల బదులు బాట నేను చేస్తానని అతను నా చేతిలో చెయ్యి వేశాడు కాబట్టే, ఇన్నాళ్లూ మీకు శుక్రవారం ఉంది."