లంగరు వెయ్యని చోటు

సన్నటి గాలం కర్ర విల్లులా వంగింది. "పడింది కెప్టెన్!" అని అరిచింది పడవ కిరాయికి తీసుకున్న డార్లా.

"లాగెయ్యకమ్మా, కాసేపు పరుగెత్తనీ," అన్నాడు పడవ నడిపే ఆల్సీడ్.

చివరికి ఎర్రచేప పడవలోకొచ్చింది. "ఇక్కడే లంగరేద్దాం," అందామె.

"ఇక్కడొద్దు. కింద మా ఊరి శ్మశానం ఉంది. లూసియానాలో సముద్రం మింగిన ఊళ్లలో మాదొకటి. నాన్న ఇక్కడే ఉన్నాడు."

డార్లా బిత్తరపోయింది. "మరి ఇక్కడికెందుకు తెచ్చావు?"

"చేపలిక్కడే ఉంటున్నాయి. మొదట్లో రాబుద్ధయ్యేది కాదు. ఇప్పుడేమీ అనిపించడం లేదు."

ఆమె చేపని నీళ్లలోకి వదలబోయింది. ఆల్సీడ్ చప్పున చెయ్యి పట్టుకున్నాడు.

"వదలకు. పట్టిన చేపని వదిలేస్తే నాన్న ఊరుకునేవాడు కా..."

 ఆల్సీడ్ ఇంజను వైపు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపు దాన్ని స్టార్ట్ చెయ్యలేదు.