ఊదా మచ్చ

తెర కుడి అంచున ఊదా మచ్చ మళ్ళీ కనిపించింది.

సుకన్య మౌస్ వదిలేసింది. జంపఖానా అంచుకు ఆమె ఇచ్చింది ఎరుపు. తెర మీద అది కమిలిన చర్మంలా ఉంది. నిన్న సాయంత్రం శుభ్రంగానే ఉండింది.

కాశిబుగ్గలో ఇంకా డబ్బా మానిటర్ వాడుతున్నది వాళ్ళింట్లోనే కావచ్చు. నేతకు డిజైన్లు గీసే ఆ పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకే ఈ పాత కంప్యూటర్‌నే కాపాడుకుంటూ వస్తోంది. దీన్ని బాగుచేసే రాయమల్లుకు ఫోన్ చేసింది.

"రాయమల్లును పిలుసుడెందుకు? ముసలిదాన్కి ఇంకెన్ని సూదులేపిస్తవ్?" పక్క కుర్చీలోంచి అన్నాడు ఆమె భర్త సదానందం. "తీసి అవుతల పారెయ్యి."

"నన్నేనారా?" అరుగు మీది నుంచి అరిచింది అత్త మొగిలమ్మ.

"నీకు సూది దిగుతదా అమ్మా!"

సుకన్యకు నవ్వొచ్చింది. అతనికి మళ్ళీ జోకులొస్తున్నాయి. అదే పదివేలు.

చలికాలంలో అతని గుండె లయ తప్పితే, దవాఖానలో ఛాతీ చర్మం కింద చిన్న మిషన్ పెట్టారు. గుండె అదుపు తప్పగానే అది లోపల్నుంచే షాక్ కొట్టి దారిలో పెడుతుంది. ఇంటికొచ్చాక ఒకసారి కొట్టింది కూడా. స్నానం చేస్తున్నవాడు కేక పెట్టి కూలిపోయాడు. మిషన్ లేకపోతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టర్. వాడకట్టంతా వచ్చి అదృష్టవంతుడివన్నారు. సదానందం అందరికీ తలూపాడు.

ఆ తర్వాత చాలా రోజులు అతను నిద్రపోలేదు. గోడకానుకుని, తన ఛాతీని తనే వింటున్నట్టు కూర్చునేవాడు. ఈ మధ్యే కుదుటపడ్డాడు. పడుకోగానే గురక.

రాయమల్లు వచ్చాడు. తెరను ఒక్కసారి చూశాడు.

"ఖరాబ్ కాలే చెల్లె. దగ్గర్ల యాడనో అయస్కాంతం ఉన్నది. అద్దం ఎనక జల్లెడసొంటి సన్న ఇనుప రేకు ఉంటది. దానికి అయస్కాంతం సోకితే రంగులు తోవ తప్పుతయి. అయస్కాంతం పోయినా మచ్చ పోదు, కడగాలె."

సంచిలోంచి తీగ చుట్టిన పెద్ద రింగు తీశాడు.

"బావా, నువ్వు జర బయటికి పో. గల్లీ దాక పో. ఇది గూడ అయస్కాంతమే. నీ మిషన్‌కు మంచిది గాదు."

సుకన్యకు డాక్టర్ మాటలు గుర్తొచ్చాయి. అయస్కాంతం ఛాతీ మీదికొస్తే మిషన్ నిద్రపోతుందమ్మా. ఆ టైములో గుండె తప్పితే లేపేవాళ్ళుండరు.

సదానందం బయటికి వెళ్ళాడు. రాయమల్లు రింగు ఆన్ చేసి తెర ముందు గుండ్రంగా తిప్పాడు. రంగులన్నీ సుడి తిరిగాయి. అలా తిప్పుతూనే గడప దాకా వెనక్కి నడిచి, అప్పుడు ఆపాడు.

"దగ్గర్నే బంద్ చేస్తే కొత్త మచ్చ పడ్తది." తెర తేటగా ఉంది. "మల్లొస్తే ఈ బటన్ ఒత్తు. చిన్నదైతే అదే కడుక్కుంటది. కని చెల్లె, అయస్కాంతం దానంతటది నడుసుకుంట రాదు. ఎవరో తెస్తాండ్రు."

సదానందం లోపలికొచ్చాక రాయమల్లు వెళ్ళిపోయాడు. ఆ చివరి మాట ఇంట్లోనే ఉండిపోయింది.

సుకన్య పరుపు ఎత్తి చూసింది. దిండు కుట్లు విప్పింది. వెతుకుతూనే అత్తను గమనించసాగింది. మొగిలమ్మకు మొదట్నుంచీ ఆ మిషన్ గిట్టదు. 'నా బిడ్డ గుండెల ఇనుము పెట్టిండ్రు, దాన్ని గుంజి పారెయ్యాలె' అని ఎన్నిసార్లు ఏడ్చిందో! కన్నతల్లి బాధ అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడా మాటల రంగు మారింది.

బల్ల కింద, గోడ వైపు, చెప్పులు దొరికాయి. మోకాళ్ళ నొప్పులకని మొగిలమ్మ ఎగ్జిబిషన్‌లో కొనుక్కున్నవి. అడుగున నల్లటి అయస్కాంతపు బిళ్ళలు.

"ఇవి ఈడికెట్లొచ్చినయ్ అత్తమ్మా?"

"నాకేం ఎరుక? నేను పెట్టలే."

"మరి నడుసుకుంట వచ్చినయా?"

"ఏందే పిల్లా, ఏమంటానవ్? నా కొడుకును నేనే సంపుకుంటనా?"

సుకన్య చెప్పులు తీసుకెళ్ళి మోరీలో పడేసింది.

"అమ్మకు మతిమరుపు గద, ఇడ్సిపెట్టు," అన్నాడు సదానందం, నేల చూస్తూ.

ఆ మధ్యాహ్నం మొగిలమ్మ అన్నం ముట్టలేదు. వట్టికాళ్ళతో అరుగు మీద కూర్చుంది. కొడుకు వైపు ఒకసారి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

సుకన్య కుర్చీలో కూర్చుని బటన్ నొక్కింది. ధబ్బుమని లోపల చప్పుడు. తెర ఒక్కసారి వణికి కుదురుకుంది. ఎరుపు ఎరుపుగానే ఉంది. ఇక ఇంట్లో అయస్కాంతం లేదు. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"పోయిందా? ఏదీ, సూపియ్యి." సదానందం వెనక నుంచి వచ్చి ఆమె భుజం మీదుగా వంగాడు.

తెర అంచున ఊదా రంగు విచ్చుకుంది.

అతను వంగినకొద్దీ అది లోపలికి పాకింది.

సుకన్య తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి అతని ఛాతీ మీద పెట్టింది.

బనియన్ కింద, సరిగ్గా మిషన్ మీద, ప్లాస్టర్‌తో అతికించుకున్న అయస్కాంతం ఆమె వేళ్ళకు తగలగానే సదానందం ఆ చేతిని రెండు చేతులతో అదిమిపట్టి, "తియ్యకు సుకన్యా, అది పండుకుంటేనే నాకు నిద్ర పడ్తది," అన్నాడు.