కాళ్లొత్తే వేళ

సాక్సు విప్పమని కూతురు అడిగితే వీరభద్రయ్య కాళ్లు పంచెలోకి ముడుచుకున్నాడు.

బనగానపల్లెలో మామిడికాయల మండీ ఆయనది. చక్కెర జబ్బుతో పాదాలకు స్పర్శ పోయింది. నిప్పు తొక్కినా తెలియదు. ఇంకో పుండు పడితే పాదం తీసేయాల్సిందేనని కర్నూలు డాక్టరు తెగేసి చెప్పాడు. అందుకే కడపలో ఇంజనీరింగు చదివే శ్రీవిద్య తండ్రికి ఆ సాక్సులు తయారుచేసి ఇచ్చింది. అడుగున మెత్తటి రబ్బరు, అందులో కలిపిన అయస్కాంతపు పొడి. రబ్బరు ఎక్కడ నొక్కుకుంటే అక్కడి అయస్కాంతం కదిలి, నడుముకు కట్టుకున్న చిన్న పెట్టె టిక్కుమంటుంది. మడమకు మొద్దు చప్పుడు, వేళ్లకు సన్న చప్పుడు. నడిచేటప్పుడు మోగితే మామూలే. పడుకున్నప్పుడు మోగితే మాత్రం వెంటనే లేచి పాదం చూసుకోవాలి. అదీ ఆమె పెట్టిన షరతు.

మీ నాయన నడుముకు వింత గడియారం కట్టినావమ్మా, పనుకున్నా మోగుతానే ఉంటాది అని మండీలో పనిచేసే గోపన్న ఫోన్లో నవ్వులాడాడు. ఆమె నవ్వలేదు. బస్సెక్కి వచ్చింది.

"మోగితే ఎందుకు చూసుకోలేదు నాయనా?"

ఆయన పంచె అంచు పాదాల మీదికి ఇంకా లాక్కున్నాడు.

"చూస్తే పోతాదని."

"ఎవరు?"

"మీ అమ్మ."

సుందరలక్ష్మి పోయి ఏడాది దాటింది. కాయల కాలంలో, మధ్యాహ్నం భోంచేసి ఆయన పండ్లు మాగేసే గదిలో చాప మీద నడుం వాలిస్తే, ఆమె వచ్చి కాళ్లొత్తేది. ముందు మడమ, తర్వాత మెల్లమెల్లగా వేళ్ల దాకా. ఇప్పుడు పెట్టె కూడా ఆ గదిలోనే, ఆ వేళకే, అదే వరసలో మోగుతోందట.

"నీ కాళ్లకు స్పర్శే లేదు గదా. అమ్మ ఒత్తినట్ల నీకెట్ల తెలిసింది?"

"నాకు తెలీలేదు పాపా. నువ్వు చేసిన పెట్టెకు తెలిసింది. దాన్ని నమ్మమన్నది నువ్వే గదా."

శ్రీవిద్య పెట్టె విప్పి చూసింది. వైర్లన్నీ గట్టిగానే ఉన్నాయి. గదిలో ఇనప సామాను ఏమన్నా ఉందా అని అడిగింది. గడ్డి, పండ్లు, చాప తప్ప ఏమీ లేవన్నాడు ఆయన. అంత అనుమానమైతే వచ్చి కూర్చోమన్నాడు, నోరు మాత్రం మెదపొద్దన్నాడు.

కిటికీకి గోతాలు కట్టిన ఆ గదిలో బయటి ఎండ ఆనవాలు కూడా లేదు. వరిగడ్డి కింద మాగుతున్న పండ్ల వాసన గొంతుకు అంటుకుంటోంది. తండ్రి వెల్లకిలా పడుకున్నాడు. ఆమె తలుపు పక్కన గోడకు ఆనుకుంది. పెట్టె మీది చుక్కంత ఎర్రదీపం తప్ప కంటికి ఏదీ ఆనలేదు.

ఎప్పటికో గడ్డి కదిలింది. గంజి పెట్టిన చీరె కుచ్చిళ్లు రాసుకున్నట్టు.

మొద్దుగా ఒక టిక్కు. కాసేపాగి ఇంకొకటి. చప్పుడు మెల్లగా సన్నబడుతూ వేళ్ల వైపు పోయింది.

శ్రీవిద్య చెవులు రిక్కించింది. వైరు ఊడితే ఇట్లా మోగదు. ఇనుము దగ్గరికొచ్చినా ఇట్లా మోగదు. మెత్తగా, ఆగి ఆగి, పాదం మీద చెయ్యి వేస్తేనే ఇట్లా మోగుతుంది. ఆ సంగతి ఆమెకన్నా ఎరిగినవాళ్లు లేరు. చేతిలో సెల్‌ఫోన్ ఉంది. మీట నొక్కితే వెలుగు వస్తుంది. వేలు మీట దాకా పోయి ఆగిపోయింది.

చూస్తే పోతుంది.

"అమ్మా," అంది, తనకే వినపడనంత మెల్లగా.

చప్పుడు జోరందుకుంది. ఇప్పుడన్నీ సన్న చప్పుళ్లే.

"నువ్వొచ్చినావని ఇయ్యాల గట్టిగా ఒత్తుతాంది," అన్నాడు తండ్రి చీకట్లోంచి. ఆ గొంతులో అంత నెమ్మది విని ఆమెకు ఏడాది అయింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడే పండ్ల బుట్టల కోసం గోపన్న తలుపు తోశాడు. ఎండ నేరుగా చాప మీద పడింది.

"తలుపెయ్యప్పా," అన్నాడు వీరభద్రయ్య కళ్లు తెరవకుండానే. "పోతాది ఆమె."

ఆయన పాదాల మీదినుంచి పిల్లి అంత పందికొక్కు ఒకటి తాపీగా దిగి గడ్డిలోకి పోయింది. దాని నోట్లో ఉన్నది మామిడిపండు కాదు.