శని, ఆదివారాలు సెలవు

పెద్దమునియప్ప సిటీలో ఎవతెనో ఉంచుకున్నాడని పాలామెకు చెప్పింది బస్సు దిగుతూ చూసొచ్చిన ఆమె తమ్ముడు. పాలామె పక్కింటి పుల్లమ్మకు చెప్పింది. పుల్లమ్మ నోట్లో ఒక పూట నాని, గోడ దాటి ఆయన పెళ్ళాం పిల్లమ్మ చెవిలో పడేసరికి ఆ మాటకు కాళ్ళూ చేతులూ మొలిచాయి.

"చిన్నదేనంటక్కా. జబ్బ పట్టుకొని మెట్లెక్కిస్తా ఉండిందంట. పేరు గీతాంజలంట, ఈయన పిలస్తా ఉంటే ఇన్నాడంట."

"నీ నోట్లో మన్ను పొయ్య! అరవై ఆరేండ్ల ముసలోణ్ణి ఎవతి పట్టుకుంటాదే?" అని పిల్లమ్మ కసిరింది గానీ, రాగులు చెరుగుతున్న చేట ఆగిపోయింది.

"సుమ్నే, ఊరికే చెప్తానా? బీడీ లేదు, సారాయి లేదు. మొగోడన్నాక ఏదో ఒకటి ఉండల్ల గదా! లెక్క చూసుకో. సోమారం నుంచి శుక్రారం దాకా పోతాడు. శని, ఆదివారాలు ఇంట్లోనే. ఎందుకంటావ్? ఆ రెండు దినాలూ దాని మొగునికి సెలవు. సాఫ్ట్‌వేరోడు!"

పిల్లమ్మ కూడా లెక్క వేసుకుంది. ఏడు వారాలుగా మొగుడు పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని చందాపురలో బస్సెక్కుతున్నాడు. గొర్రెల సంతలో నలభై ఏళ్ళు అరిచిన మనిషి, ఇప్పుడు కొత్త పెళ్ళికొడుకులా మెత్తమెత్తగా మాట్లాడుతున్నాడు. ఊరుబిండి పచ్చడి లేనిదే సంగటి ముట్టనివాడు కారం వద్దంటాడు, పలచని అంబలి తాగి లేస్తాడు. నడుము తగ్గి పంచె జారుతోంది. ఇంత ఎండల్లోనూ మెడకు టవల్ చుట్టుకునే ఉంటాడు.

"ఆ టవల్ కింద ఏం గురుతులుండాయో!" అంది పుల్లమ్మ.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పెద్దమునియప్ప మైసూర్‌పాక్ పొట్లంతో, నవ్వు మొహంతో గడప తొక్కాడు. పిల్లమ్మ చేట పక్కన పెట్టింది.

"ఎవరయ్యా ఆ గీతాంజలి?"

ఆయన తడబడనైనా లేదు. "బంగారట్లా పిల్ల. పండుకోమంటే పండుకుంటా, కదలొద్దంటే కదలను. ఈ పొద్దుతో అయిపోయిందిలే."

"తరిమేసిందా?"

"ఇంక దినామూ రావద్దనింది. నా చేత గంట కొట్టించింది. అందరూ చప్పట్లు కొట్టినారు."

"అందరి ముందరా! సిగ్గు లేదా నీకు?"

"సిగ్గెందుకే? ఏడు వారాలు ఒక్క దినమూ తప్పలేదని మెచ్చుకున్నారు." పొట్లం విప్పి ముక్క ఆమె నోటి దగ్గర పెట్టాడు. "తిను. నాకు దిగదు."

"ఎట్ల దిగుతాది? ఆడ కడుపునిండా మేసొచ్చినావు గదా! నేను రేపే మా తమ్ముని ఇంటికి పోతా. నీ సంసారమూ వద్దు, నీ మైసూర్‌పాకూ వద్దు."

అన్నదేగాని, ముక్క మింగేసింది. పిల్లమ్మ ఏడుపు వేరు, మైసూర్‌పాక్ వేరు.

ఆయన పగలబడి నవ్వబోయి, దగ్గొచ్చి ఆగాడు. అంతలోకి కోడలు సుమ, బడి నుంచి పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చింది. చేతిలో ఏదో కాగితం.

"మామా, భవ్యకు ఇస్కూల్లో సూది వేస్తారంట. ఏదో వైరస్ అంట. పెద్దయినాక దాంతో గర్భసంచి క్యాన్సర్ రాకుండా. సంతకం పెట్టేదా?"

"పెట్టమ్మా. రాఘవేంద్రకు గూడా వేయించు."

"వానికి ఇస్కూల్లో వెయ్యరు మామా. ఆడపిల్లలకే."

"వెయ్యకుంటే డాక్టరు దగ్గరికి పిల్చుకొని పో. రేపే పో."

గోడ మీద గడ్డం ఆనించి వింటున్న పుల్లమ్మ ఇక ఆగలేకపోయింది. "ఓయమ్మా! మునియప్పన్నకు ఆ సిటీదేదో మందు పెట్టేసుండాది! మొగపిల్లోనికి గర్భసంచి యాడుంటాదప్పా?"

సుమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భవ్య పడీ పడీ నవ్వింది. రాఘవేంద్ర తన కడుపు తడుముకుని చూసుకున్నాడు. అంత కోపంలోనూ పిల్లమ్మకు నవ్వాగలేదు.

పెద్దమునియప్ప కూడా నవ్వుతూనే మెడకున్న టవల్ విప్పాడు. దవడల కింద నుంచి భుజాల దాకా ఆసుపత్రిలో కరెంటు పెట్టిన చర్మం, కట్టెల పొయ్యి మీది చట్టి అడుగులా మాడి నల్లగా ఉంది. ఒక్కొక్కరి నవ్వూ ఆగింది. ఆయన ఒక వేలు సుమ చేతిలోని కాగితం మీద, ఇంకొక వేలు తన కంఠం మీద పెట్టాడు.

"ఆ వైరస్సే నాకూ పట్టింది. నా గొంతులో ఉండిందా, గర్భసంచి?"