కవకవ కనబడటం లేదు

సువా రేవు ఆఫీసులో మా సర్వర్లన్నిటికీ చేపల పేర్లు. కవకవ అనే సర్వరును కొత్త నెట్‌వర్క్ చిరునామాకి మార్చగానే అది టిక్కెట్ల యంత్రానికి దొరకలేదు. పదింటికి పడవ టిక్కెట్లు అమ్మాలి. రిటైరైన వైసాకే మావయ్యకి ఫోన్ చేశాను.

"మళ్ళీ చేప తప్పిపోయిందా?" అంటూ కొబ్బరిపాల బన్నులతో దిగాడు.

ఏ పేరుది ఏ చిరునామానో చెప్పే పట్టిక తుఫానుకి పనిచేయకపోయినా పని ఆగకూడదని, ప్రతి యంత్రంలోనూ చిరునామాలు చేత్తో రాసిపెట్టింది ఆయనే. టిక్కెట్ల యంత్రంలో కవకవ పాత చిరునామా ఉన్న లైను చెరిపేశాడు. కవకవ దొరికింది.

"ఇంకెన్ని మార్చాలే?"

"పదకొండు, మావయ్యా. నెలకొకటి."

"పాత లైన్లన్నీ ఒక్క దెబ్బకి చెరిపే కిటుకు నీకు నేర్పింది నేనే కదే, ఆకనిసీ!"

నేను నాలుక కరుచుకున్నాను.

ఆయన నా చేతిలో బన్ను పెట్టాడు. "పదకొండు నెలలపాటు అది మర్చిపోయి, నాకే ఫోన్ చేస్తూ ఉండు."